పారాచూట్ తాడుతో ట్యాగు అల్లడం: ఉచ్చుల్లోని విజ్ఞానం

ఈ పాఠానికి కావలసిన సామగ్రి చాలా స్వల్పం. బెత్తెడు పొడవున్న అంగుళం పి.వి.సి. గొట్టం ముక్క ఒకటి, ఐస్‌క్రీము పుల్లలు రెండు, గట్టి టేపు, మొన మొద్దుగా ఉన్న కొక్కెం ఒకటి, కొన్ని గజాల పారాచూట్ తాడు. వీటితో మెడలో గుర్తింపు కార్డు తగిలించుకొనే ట్యాగును మనమే అల్లుకోవచ్చు. తెర మీద అయితే నా చేతులు మీకు కనిపిస్తాయి. అచ్చులో ఆ సౌకర్యం లేదు కనుక కొంచెం నిదానంగా, మాటలతోనే చేసి చూపిస్తాను.

ఈ పాఠాన్ని నేను మొదటిసారి చెప్పింది సూరత్‌లో. గుజరాత్‌లోని ఆ నగరంలో లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తిరిగితే మన కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల మాట చెవిన పడుతుంది. మగ్గం పనికోసం వలసవెళ్ళిన కుటుంబాలవి. వారిలో పద్మశాలీలు ఎక్కువ. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ వంటి భాషలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతుంది. అటువంటి పిల్లల మధ్య కొన్ని రోజులు విజ్ఞాన శాస్త్ర శిబిరం నడపడానికి వెళ్ళాను. అక్కడ ఈ పాఠంలో ఒక ముఖ్యమైన భాగాన్ని చెప్పకుండా వదిలేశాను. దాని ఫలితం మరునాడే తెలిసింది. ముందు అల్లిక సంగతి చూద్దాం, ఆ సంగతి తరువాత వస్తుంది.

ఆ పిల్లలకు నేత గురించి చెప్పవలసిన పని లేదు. పడుగు ఏమిటో, పేక ఏమిటో, నాడెలో కండె ఎలా కూర్చుంటుందో వాళ్ళే నాకు చెప్పారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. వాళ్ళ ఇళ్ళలోనూ అదే మాట. "మీ చొక్కా గుడ్డ ఎక్కడ తయారైంది?" అని అడిగాను. "సాంచా మీద" అన్నారు అందరూ. "మరి లోపలి బనియన్?" అంటే దానికీ అదే జవాబు. అది సరికాదు. చొక్కా గుడ్డను పొడవునా లాగి చూడండి, పెద్దగా సాగదు. బనియన్‌ను లాగండి, చేతిలో సాగి, వదలగానే తిరిగి దగ్గరకు వస్తుంది. రెండూ నూలుపోగులే అయినా ఈ తేడా ఎందుకు? భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. చొక్కా గుడ్డలో పోగులు దాదాపు తిన్నగా, ఒకదాని మీదుగా ఒకటి, నిలువుగా అడ్డంగా పోతాయి. తిన్నగా ఉన్న పోగును లాగితే పోగే సాగాలి. బనియన్‌లో పోగు ఎక్కడా తిన్నగా ఉండదు. అంతా చిన్న చిన్న ఉచ్చులు, ఒక ఉచ్చులోనుండి మరొక ఉచ్చు. లాగినప్పుడు ముందుగా ఉచ్చు తన ఆకారం మార్చుకొంటుంది. వెడల్పు తగ్గి పొడవు పెరుగుతుంది. పోగు మీద అసలు బరువు పడేది ఆ తరువాతే.

ఇక్కడ మన భాషతో ఒక చిన్న చిక్కు ఉన్నది. జడ అల్లుతాం, చాప అల్లుతాం, స్వెట్టరు కూడా అల్లుతాం. మూడింటికీ ఒకటే క్రియ. కాని జడలో పాయలు ఒకదానినొకటి దాటుతూ పోతాయి తప్ప ఉచ్చులు పడవు. స్వెట్టరులో ఉన్నవన్నీ ఉచ్చులే. మనం ఇప్పుడు తీసుకొనే పారాచూట్ తాడు ఈ రెండింటికీ చక్కని ఉదాహరణ అవుతుంది. తాడు తయారైన పద్ధతి జడ పద్ధతి, దానితో మనం చేయబోయేది స్వెట్టరు పద్ధతి.

ఆ తాడు ముక్కను అడ్డంగా కోసి చూడండి. బయట గొట్టంలాగా జడ అల్లిన తొడుగు ఉంటుంది. లోపల విడివిడిగా సన్నని దారాల కట్ట ఉంటుంది. అమెరికా సైన్యం పాత ప్రమాణం ఎం.ఐ.ఎల్.-సి-5040 ప్రకారం మూడవ రకం తాడులో లోపలి దారాలు 7 నుండి 9 వరకు ఉండాలి. కనీసం 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోల బరువుకు తట్టుకోవాలి. తెగేలోపు కనీసం 30 శాతం సాగాలి. ఈ చివరి షరతు చాలామంది గమనించరు. పారాచూట్ విచ్చుకొన్న క్షణంలో దూకిన మనిషికి పెద్ద కుదుపు తగులుతుంది. తాడు సాగకపోతే ఆ కుదుపు అంతా క్షణంలో వెయ్యోవంతులో శరీరానికి చేరుతుంది. సాగితే అదే శక్తి ఎక్కువ సమయం మీద పంచబడి బలం తగ్గుతుంది. క్రికెట్‌లో బంతి పట్టేవాడు చేతులు వెనక్కి తీసుకొనేది కూడా ఇందుకే.

ఈ గుణం నైలానుది. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కెరోథర్స్ బృందం 1935 ఫిబ్రవరిలో నైలానును తయారుచేసింది. 1940 మే నెలలో అది ఆడవారి మేజోళ్ళ రూపంలో అమ్మకానికి వచ్చింది. గమనించారా, మేజోడు కూడా ఉచ్చుల అల్లికే! అంతలో యుద్ధం వచ్చి జపాను పట్టు దొరకకుండా పోయింది. నైలాను మేజోళ్ళ నుండి పారాచూట్‌లకు మళ్ళింది. మన దేశంలో పారాచూట్‌లను రూపొందించే ప్రయోగశాల ఆగ్రాలో ఉన్నది. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుండి గగన్‌యాన్ పరీక్ష జరిగినప్పుడు సిబ్బంది గదిని బంగాళాఖాతంలోకి మెల్లగా దించిన పారాచూట్‌లు అక్కడివే. పారాచూట్ తాడు ఇతర పనులకూ పోయింది. 1997లో హబుల్ దూరదర్శినికి వ్యోమగాములు మరమ్మతు చేసినప్పుడు దాని మీది చిరిగిన రక్షణ దుప్పట్లను సరిచేయడానికి ఈ తాడు కూడా వాడారు.

అయితే బజారులో పారాచూట్ తాడు అని అమ్మేదంతా నైలాను కాదు. సూరత్ పాలిస్టరు నగరం. అక్కడ దుకాణంలో పిల్లలు కొని తెచ్చిన నాలుగు తాళ్ళూ ఒకే జాతివి కావని నాకు అనుమానం వచ్చింది. కనిపెట్టడానికి ఇంట్లో ఉన్న ఉప్పు చాలు. తాడును గోరంత ముక్కలుగా కోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపిన నీటిలో వేసి, వేళ్ళతో బాగా పిసికి గాలి బుడగలు పోగొట్టండి. గాలి మిగిలితే ఏదైనా తేలుతుంది, పరీక్ష చెడిపోతుంది. నీటిలో తేలిందంటే అది పాలీప్రొపిలీన్, సాంద్రత 0.91. మునిగినవాటిని తీసి ఉప్పునీటిలో వేయండి. వంద మిల్లీలీటర్ల నీటికి సుమారు 36 గ్రాముల ఉప్పు, ఇక కరగను అనేవరకు కలపాలి. ఆ ద్రావణం సాంద్రత దాదాపు 1.2. నైలానుది 1.14 కనుక తేలుతుంది. పాలిస్టరుది 1.38 కనుక మునుగుతుంది. మా నాలుగు తాళ్ళలో ఒకటే నైలాను. అమ్మినవాడి మీద కోపం తెచ్చుకొన్న పిల్లలతో, ట్యాగుకు ఏదైనా పనికి వస్తుందని, నిజంగా బరువు వేలాడదీసే పనికి మాత్రం పేరు తెలియని తాడును నమ్మవద్దని చెప్పాను.

ఇక పని మొదలు పెడదాం. గొట్టం అంచును గరుకు కాగితంతో నునుపు చేయండి. రెండు పుల్లలను గొట్టానికి బయట, ఎదురెదురుగా నిలబెట్టి, అంచుకు పైన రెండు సెంటీమీటర్లు పొడుచుకొని ఉండేటట్లు టేపుతో గట్టిగా చుట్టండి. పుల్ల కదిలితే ఉచ్చులు సమంగా రావు. కొక్కేనికి పాత సైకిలు పుల్ల ఇనుము వంచుకోవచ్చు, మొనను రాయి మీద అరగదీయాలి. అంతే, సాధనం సిద్ధం. ఒకప్పుడు దారం అయిపోయిన చెక్క ఉండకు నాలుగు చిన్న మేకులు కొట్టి పిల్లలు ఇదే పని చేసేవారు. నాలుగు మిల్లీమీటర్ల లావున్న మన తాడుకు ఆ ఉండ రంధ్రం చాలదు, అందుకే గొట్టం. మేకులు నాలుగు పెడితే బొటనవేలి కంటే లావైన తాడు వస్తుంది. ట్యాగుకు రెండు చాలు.

తాడు కొసను గొట్టంలోకి వదిలి కింద జానెడు వేలాడనివ్వండి. పైన ఉన్న తాడును మొదటి పుల్ల వెలుపలి నుండి చుట్టి, గొట్టం నోటికి అడ్డంగా దాటించి, రెండవ పుల్ల వెలుపలి నుండి చుట్టి వెనక్కి తీసుకురండి. పైనుండి చూస్తే తాడు ఎనిమిది అంకె ఆకారంలో కనిపించాలి. ఇప్పుడు అదే దారిలో మరొక ఎనిమిది చుట్టండి, మొదటిదానికి పైన. ప్రతి పుల్ల మీద ఇప్పుడు రెండు చుట్లు ఉన్నాయి. కొక్కెంతో కింది చుట్టును పట్టి, పై చుట్టు మీదుగా, పుల్ల కొన దాటించి గొట్టం లోపలి వైపుకు జార్చండి. రెండవ పుల్ల దగ్గరా అలాగే. కింద వేలాడుతున్న కొసను ఒకసారి మెత్తగా లాగండి. ఒక వరుస పూర్తి అయింది. మళ్ళీ ఎనిమిది చుట్టు, మళ్ళీ జార్చు. ఐదారు వరుసలు అయ్యేవరకు కింద ఏమీ కనిపించదు. పిల్లలు ఇక్కడే నిరుత్సాహపడతారు. ఓపిక పట్టండి, తరువాత గొట్టం అడుగు నుండి అల్లిక తొంగిచూస్తుంది.

చుట్టేటప్పుడు తాడును బిగించకూడదు. బిగిస్తే కింది చుట్టు కొక్కేనికి లొంగదు. ఈ పొరపాటు పెద్దవాళ్ళే ఎక్కువ చేస్తారు.

పూర్తి చేయడానికి తాడును జానెడు మిగిల్చి కోసి, ఆ కొసను రెండు పుల్లల మీది ఉచ్చులలోనుండీ దూర్చి, వాటిని పుల్లల నుండి తీసి బిగించాలి. కోసిన కొసలు పీచు కాకుండా మంటకు చూపి కరిగించడం వాడుక. ఇది పెద్దవాళ్ళు చేయవలసిన పని. నైలాను 220 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగదు. కరిగిన బొట్టు చర్మానికి అంటుకొంటే ఊడిరాదు. వేలితో వత్తవద్దు, చెంచా వెనుకవైపు వాడండి.

ఎంత తాడు పడుతుంది? దీనికి సూత్రం బట్టీపట్టే బదులు కొలవండి. పది సెంటీమీటర్లు అల్లి, విప్పి, వచ్చిన తాడును కొలిస్తే చాలు. వంద సెంటీమీటర్లు వచ్చిందనుకొందాం, అప్పుడు నిష్పత్తి పది. తొంభై సెంటీమీటర్ల ట్యాగుకు తొమ్మిది మీటర్లు, కొసలకు మరికొంచెం. మీ చేతి బిగువును బట్టి ఈ అంకె మారుతుంది. ఒకే తరగతిలో ఏ ఇద్దరికీ ఒకే అంకె రాలేదు, వాటితో సగటు కట్టడం కూడా నేర్పేశాను.

మీరు అల్లినది నిజానికి ఒక చిన్న అల్లిక యంత్రం పని. తిరుపూరులో బనియన్ గుడ్డ తీసే గుండ్రని యంత్రంలో మన పుల్లలకు బదులు వందల, వేల సూదులు వలయంగా నిలబడి ఉంటాయి. మన కొక్కెం చేసే పనిని ప్రతి సూదీ తనంతట తానే చేసుకొంటుంది. కింది ఉచ్చును పై ఉచ్చు మీదుగా దాటించడం, అదొక్కటే సూత్రం.

ఇక వాయిదా వేసిన సంగతి. ఆ రోజు పిల్లలు తమ ట్యాగులు మెడలో వేసుకొని ఇళ్ళకు వెళ్ళారు. పాఠం బాగా వచ్చిందని నేనూ సంతోషించాను. మరునాడు ఉదయం ఒక తండ్రి వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి నేరుగా వచ్చినట్లున్నాడు, భుజం మీద దారపు నూగు అలాగే ఉన్నది. కత్తెరతో నడిమికి కత్తిరించిన ట్యాగును నా బల్ల మీద పెట్టాడు.

"సారూ, గిది మెడల ఏసుకొని మావోడు సాంచాల నడుమకు వచ్చిండు. అన్నం గిన్నె తెచ్చిండు. వంగి సూస్తున్నడు. నేను సూసి గుంజుకొచ్చిన. చున్నీ ఏసుకొన్న ఆడోళ్ళనే మేము లోపటికి రానియ్యం. గింత గట్టి తాడు నేర్పితిరి, అది తెగకుంటే ఎట్ల సారూ?"

పిల్లవాడికి ఏమీ కాలేదు. కాని నా దగ్గర జవాబు లేదు. 250 కిలోలకు తెగని తాడు అని ముందురోజు గొప్పగా చెప్పింది నేనే. దానిని మెడకు వేయించిందీ నేనే.

ఆ రోజు పాఠం మార్చాను. ఊళ్ళో పలుపుతాడును గుంజకు రెండు చుట్లు తిప్పి కొసను చిన్నపిల్లవాడి చేతికి ఇస్తే గేదె గుంజుకొన్నా వాడు ఆపగలుగుతాడు. తాపీనదిలో ఓడలు నిలిపిన రోజుల్లో నావికులు ఇదే కిటుకుతో ఒడ్డు మీది గుంజలకు ఓడను కట్టేవారు. చుట్టు పెరిగే కొద్దీ ఘర్షణ పట్టు కూడికలాగా కాక గుణకారంలాగా పెరుగుతుంది. లెక్క వేయడానికి ఆయిలర్ పేరుతో ఒక సూత్రం ఉన్నది. ఘర్షణ గుణకం 0.3 అనుకొంటే ఒక్క చుట్టుకు పట్టు 6.6 రెట్లు అవుతుంది. రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు సుమారు 286 రెట్లు. గుంజ నిలబడి ఉన్నప్పుడు ఇది మనకు మేలు. గుంజ తిరుగుతున్నదనుకోండి, అదే సాంచా ఇరుసు. వేలాడుతున్న ట్యాగు కొస దానికి వంద గ్రాముల బలంతో అంటుకొన్నా, మూడు చుట్లు పడేసరికి 28 కిలోలతో లాగుతుంది. నిమిషానికి 150 పేక పోగులు వేసే సాంచాలో ప్రధాన ఇరుసు పోగుకు ఒకసారి తిరుగుతుంది. మూడు చుట్లకు పట్టే సమయం 1.2 సెకన్లు. ఆలోపల స్విచ్చు దగ్గరకు ఎవరూ పోలేరు. ఉచ్చుల అల్లిక సాగే గుణం కుదుపును తగ్గిస్తుంది తప్ప ఈ లాగుడును ఆపలేదు.

కనుక రెండు నియమాలు. తిరిగే యంత్రం ఏదైనా సరే, సాంచా, పిండిమర, చెరకు రసం బండి, దాని దగ్గరకు వెళ్ళేటప్పుడు మెడలో ట్యాగు ఉండకూడదు. ముందే తీసి జేబులో పెట్టుకోవాలి. ఇక మిగతా వేళల్లో వేసుకొనే ట్యాగులో కావాలని ఒక బలహీనమైన చోటు పెట్టాలి. కార్యాలయాలలో ఇచ్చే మంచి ట్యాగులకు మెడ వెనుక చిన్న ప్లాస్టిక్ అతుకు ఉంటుంది, గట్టిగా లాగితే ఊడిపోతుంది. చాలామంది దానిని నాసిరకం అనుకొని ముడివేసేస్తారు. అది అక్కడ ఉన్నదే ఊడడానికి. అటువంటి అతుకు దుకాణంలో దొరికితే అదే వాడండి.

దొరకకపోతే మేము చేసినట్లు చేయండి. ట్యాగు రెండు కొసలనూ ఒకదానికొకటి ముడివేయకండి. వాటి మధ్య సన్నని కుట్టుదారాన్ని ఒక్క చుట్టు తిప్పి కట్టండి. ఇప్పుడు పరీక్ష. అతుకు ఒక వైపును మేకుకు తగిలించి, రెండవ వైపున నీళ్ళ సీసాలు వేలాడదీయండి. లీటరు నీరు కిలో కనుక తూకం అక్కరలేదు. కింద బకెట్టు పెట్టుకోండి, పాదాలు దూరంగా ఉంచండి. అర కిలో మోయాలి, మూడు కిలోల లోపే తెగాలి. ఇది నేను తరగతికి పెట్టుకొన్న హద్దు మాత్రమే, ఏ సంస్థ ధ్రువీకరణా కాదు. మూడు కిలోలకూ తెగకపోతే ఇంకా సన్నని దారం వెతకాలి. తెగిన తరువాత కొస మెడ మీదుగా సాఫీగా జారిపోవాలి, మధ్యలో ముళ్ళు, పూసలు ఉండి ఎక్కడా తట్టుకోకూడదు. మరీ చిన్నపిల్లల మెడకు మాత్రం ఇది కూడా వద్దు.

ఆ మధ్యాహ్నం మా పిల్లలు దారాన్ని తెంచడానికే పోటీపడ్డారు. ఎవరి అతుకు రెండు కిలోల దగ్గర తెగితే వారికి చప్పట్లు. ముందురోజు ఎవరి తాడు గట్టిదని వాదించుకొన్నవాళ్ళే వీళ్ళు.

కత్తిరించిన ట్యాగును ఆ తండ్రి నా బల్ల మీదే వదిలి వెళ్ళాడు. దానిని విప్పబోతే మరొక విశేషం బయటపడింది. మొదట అల్లిన సగాన్ని కత్తెర పడిన చోట పట్టి లాగితే ఉచ్చులు ఒకదాని వెంట ఒకటి గబగబా ఊడివచ్చాయి. రెండవ సగం అక్కడ ఎంత లాగినా కదలలేదు. చివరి కొసను ఉచ్చుల నుండి వెనక్కి తీశాక, ఆ వైపునుండి మాత్రం సులువుగా విచ్చుకొంది. ప్రతి ఉచ్చునూ పట్టి ఉంచేది దాని తరువాత వచ్చిన ఉచ్చు కనుక ఎప్పుడూ ఆఖరున అల్లిన వైపు నుండే విప్పాలి. వచ్చిన రెండు ముక్కలతో ఆ పిల్లవాడే మళ్ళీ అల్లాడు, ఈసారి జానెడు పొడవున రెండు పట్టీలు. ఒకటి వాళ్ళ నాన్న అన్నం గిన్నెకు పిడి అయింది. రెండవది ఇప్పటికీ నా గొట్టం ముక్కకు కట్టి ఉన్నది.